ముందు తండ్రిని ప్రేక్షకుడికి చూపించండి

దేవరకొండ నుంచి రాసిన డిగ్రీ విద్యార్థి అడిగింది క్లుప్తంగా ఇది. నలుగురు మిత్రులు కలిసి ఒక లఘుచిత్రం తీశారు. అందులో ఒక హాస్య సన్నివేశం ఉంది. కాగితం మీద చదువుకున్నప్పుడు అందరూ పగలబడి నవ్వారు. అదే సన్నివేశాన్ని కళాశాలలో తెర మీద వేస్తే ఒక్కరూ నవ్వలేదు. నటులు బాగానే చేశారు, మాటలు మారలేదు. మరి నవ్వు ఎక్కడ పోయింది? పేరున్న దర్శకులు కెమెరాతో ప్రేక్షకుణ్ణి ఎలా నవ్విస్తారు, ఎలా ఏడిపిస్తారు?

మీరు పంపిన వీడియో మూడుసార్లు చూశాను. సన్నివేశం నాకు చాలా నచ్చింది. చూడనివాళ్ల కోసం చెబుతాను. నల్గొండ క్లాక్ టవర్ సెంటర్‌లో చాయ్ కొట్టు. హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిందని ఇంట్లో అబద్ధం చెప్పిన కొడుకు అక్కడ బల్ల మీద కూర్చుని తండ్రితో ఫోన్లో మాట్లాడుతుంటాడు. "ఆఫీసులో ఉన్నాను నాన్నా, ఈ ఏసీ చలికి తట్టుకోలేకపోతున్నాను" అంటాడు. బత్తాయిలు అమ్మడానికి ఊరి నుంచి వచ్చిన తండ్రి సరిగ్గా అతని వెనకే ఉంటాడు. చెవి దగ్గర ఫోను, భుజం మీద సంచి. "ఏరా, ఆఫీసులో చాయ్ బాగుందా?" అని అడుగుతాడు.

దీన్ని మీరు మూడు ముక్కలుగా తీశారు. కొడుకు క్లోజప్, అతని మాటలన్నీ. కట్. తండ్రి క్లోజప్, ఆ ఒక్క ప్రశ్న. కట్. కొడుకు ఉలిక్కిపడటం. తండ్రి ఉన్నాడన్న సంగతి కొడుకుకు ఎప్పుడు తెలిసిందో ప్రేక్షకుడికీ అప్పుడే తెలిసింది. నవ్వు పోయింది అక్కడే. ప్రేక్షకుడు కూడా కొడుకుతో పాటు ఉలిక్కిపడ్డాడు, ఉలిక్కిపడుతున్నవాడికి నవ్వే తీరిక ఉండదు.

నేను ఈ మాట పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఎడిటింగ్ గదుల్లోకి వెళ్లకముందు పదకొండేళ్లు నల్గొండలో ఒక సినిమా హాల్లో ఆపరేటర్‌గా పనిచేశాను. రోజుకు నాలుగు ఆటలు, ఒక్కో సినిమా వారాల తరబడి. ఆపరేటర్ గదిలోని చిన్న అద్దం కిటికీలోంచి మాకు తెర కన్నా ఎక్కువగా కనిపించేది ప్రేక్షకుల తలలు. నవ్వితే ఆ తలలు ఒక్కసారిగా ముందుకు వంగి, పక్కవాళ్ల వైపు తిరిగేవి. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది, రెండు వేల అడుగుల రీలు ఇంచుమించు 22 నిమిషాలు వస్తుంది. రీలు చివరికి వచ్చేసరికి రెండో ప్రొజెక్టర్‌లో కార్బన్లు, అంటే బొమ్మకు వెలుగునిచ్చే కడ్డీలు, వెలిగించి సిద్ధంగా ఉంచాలి. నేను గడియారం చూసేవాణ్ణి కాదు. ఫలానా నవ్వు వినిపించిందంటే లేచి కార్బన్లు వెలిగించేవాణ్ణి. ఉదయం ఆటలో విద్యార్థులు, మ్యాటినీలో ఆడవాళ్లు, రాత్రి సెకండ్ షోకు మార్కెట్ పని ముగించుకుని వచ్చే హమాలీలు. నవ్వు పెద్దదీ చిన్నదీ అయ్యేది కానీ, వచ్చే చోటు మాత్రం మారేది కాదు.

అక్కడ నేను గమనించిన విషయం ఒకటి ఇప్పటికీ నాకు అన్నం పెడుతోంది. జోకు వేసిన నటుడి ముఖం తెర మీద ఉన్నంతసేపు హాలు చెవులు రిక్కించి వింటుంది. బొమ్మ ఆ మాట విన్నవాడి ముఖం మీదికి మారిన క్షణాన నవ్వు పేలుతుంది. వింటున్నవాడికి ఇంకా ఏదో అర్థం కాలేదనీ, మనకు అర్థమైందనీ తెలిసిన క్షణం అది. ప్రేక్షకుడికి తెలిసినదానికీ తెర మీది మనిషికి తెలిసినదానికీ మధ్య కొంత దూరం ఉంటుంది. ఆ దూరాన్ని ఎంత ఉంచాలి, ఎంతసేపు ఉంచాలి, ఎప్పుడు మూసేయాలి అన్నది దర్శకుడు కెమెరాతో తేల్చే లెక్క. హాస్యానికైనా ఉత్కంఠకైనా అదే లెక్క.

ఉత్కంఠ చిత్రాలకు పేరుపడ్డ దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బల్ల కింద బాంబు ఉదాహరణ చాలామందికి తెలిసే ఉంటుంది. ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటుండగా హఠాత్తుగా బాంబు పేలితే 15 సెకన్ల ఉలికిపాటు. బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే చూపించి వాళ్లను అలాగే మాట్లాడుకోనిస్తే 15 నిమిషాల ఉత్కంఠ. ఆ బాంబు స్థానంలో సంచి మోస్తున్న తండ్రిని పెట్టండి. అదే సన్నివేశం హాస్యం అవుతుంది.

మనవాళ్లకు ఇది హిచ్‌కాక్ చెబితేనే తెలిసింది కాదు. 1957లో వచ్చిన "మాయాబజార్"లో శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని మనకు తెలుసు, లక్ష్మణకుమారుడికి తెలియదు. కె.వి. రెడ్డి ఆ రహస్యాన్ని మన దగ్గర దాచి చివర్లో బయటపెట్టి ఉంటే ఆశ్చర్యపోయి ఊరుకునేవాళ్లం. ముందే మన చేతిలో పెట్టాడు. అందుకే సావిత్రి ఆ చీరకట్టులో మగవాడి దర్పంతో అడుగు వేసిన ప్రతిసారీ నవ్వు వస్తుంది. మార్కస్ బార్ట్‌లీ కెమెరా మాయలను అందరూ చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. ఆ మాయల కన్నా ఈ సన్నివేశాల్లో నేను ఎక్కువ నేర్చుకున్నది, కెమెరా తగినంత దూరంలో నిలబడి సావిత్రి నడకను మొత్తంగా చూడనివ్వడం. క్లోజప్పులో నడక కనిపించదు కదా.

ఇక మీ సన్నివేశానికి వస్తాను. కెమెరాను కొడుకు ముందు, ఆరేడు అడుగుల దూరంలో, కూర్చున్న మనిషి కళ్ల ఎత్తులో పెట్టండి. కొడుకు ఫ్రేములో ఒక పక్కకు ఉండాలి. రెండో పక్క ఖాళీగా కనిపించాలి, వెనక రోడ్డు, జనం, ఆటోలు. కొడుకు ఫోన్లో అబద్ధం మొదలుపెడతాడు. ఆ ఖాళీలోకి దూరంగా, చిన్నగా, తండ్రి నడిచి వస్తాడు, చెవి దగ్గర ఫోను పెట్టుకుని. అతను ఎవరో మొదట మనకు తెలియదు. కొడుకు "ఏసీ" అన్నప్పుడు ఆ చిన్న మనిషి ఆగుతాడు. ఫోనును చెవి నుంచి తీసి ఒకసారి చూసుకుని మళ్లీ పెట్టుకుంటాడు. ఇంత చాలు, హాల్లో నలుగురైదుగురు పట్టేస్తారు. ఆ నలుగురి నవ్వు విని మిగతావాళ్లు వెతుక్కుంటారు. నవ్వించడంలో ఇది చాలా విలువైన సంగతి. ప్రేక్షకుడు తానే కనిపెట్టాననుకోవాలి. మీరు వేలు పెట్టి చూపిస్తే ఆ సంతోషం అతనికి దక్కదు.

తండ్రి మెల్లగా దగ్గరికి వస్తుంటాడు. కొడుకు అబద్ధం పెద్దదవుతుంటుంది. కట్ చేయకండి. కట్ చేయాలని చెయ్యి దురద పెడుతుంది, నాకు తెలుసు. ఒకే షాట్‌లో ఇద్దరూ ఉన్నంతసేపు ప్రేక్షకుడు ఇద్దరినీ తానే జతచేసి చూస్తాడు. బస్టర్ కీటన్ 1928లో తీసిన ఒక మూకీ చిత్రంలో ఇంటి ముందు గోడ మొత్తం అతని మీదికి కూలుతుంది. పైఅంతస్తు కిటికీ ఖాళీ సరిగ్గా అతను నిలబడ్డ చోట పడటంతో బతికిపోతాడు. గోడ నిజంగానే కూలింది. కెమెరా దూరంగా, కదలకుండా, గోడనూ మనిషినీ కలిపి చూపించింది. గోడ ఒక షాట్‌లో, ముఖం ఇంకో షాట్‌లో తీసి ఉంటే అది మోసమని అనుకునేవాళ్లం. వందేళ్లు కావస్తున్నా ఆ షాట్ చూసి జనం నోరు తెరిచి, వెంటనే నవ్వుతారు.

చాయ్ పోసే మనిషిని మీరు అసలు వాడుకోలేదు. మీ ఫ్రేములో అతను ఉన్నాడు, పని చేసుకుంటున్నాడు, అంతే. తండ్రిని మొదట గుర్తించేది అతనే కావాలి. కొడుకు మాట విని, వెనక ఉన్న మనిషి ముఖం చూసి, చాయ్ పోస్తున్న చెయ్యి గాలిలో ఆగిపోవాలి. అతను నవ్వకూడదు, కళ్లు పెద్దవి చేయకూడదు. ఆగాలి, అంతే. రష్యాలో కులెషోవ్ అనే దర్శకుడు భావం లేని ఒకే ముఖాన్ని సూపు గిన్నె పక్కన, శవపేటిక పక్కన, స్త్రీ పక్కన అతికించి చూపించాడు. చూసినవాళ్లు అదే ముఖంలో ఆకలి, దుఃఖం, కోరిక చదువుకున్నారు. ముఖం ఎంత ఖాళీగా ఉంటే అంత చోటు ప్రేక్షకుడికి దొరుకుతుంది. మన దగ్గర చాలామంది హాస్యనటులను దర్శకులు ఎక్కువ చేయించి చెడగొట్టారని నా గట్టి నమ్మకం.

సాక్షి పాత్ర మన ప్రాంతంలో కొత్త కాదు. బుర్రకథ చూసినవాళ్లకు తెలుసు. కథకుడికి ఒక పక్క రాజకీయం చెప్పేవాడు, మరో పక్క హాస్యగాడు. కథకుడు వీరరసంలో ఊగిపోతుంటే హాస్యగాడు మనలాంటి మామూలు మనిషిగా అడ్డుపడి అడుగుతాడు, బిత్తరపోతాడు. అతన్ని చూసి మనం ఎలా స్పందించాలో తెలుసుకుంటాం. సినిమాలో రియాక్షన్ షాట్, అంటే విన్నవాడి ముఖం చూపించే షాట్, చేసే పని అదే. మీ చాయ్ కొట్టు మనిషి మీ బుర్రకథలో వంత.

లెన్సు గురించి ఒక్క మాట. మీరు ఫోనుతో తీశారు. ఫోను మామూలు కెమెరా వెడల్పు లెన్సే. దాన్ని ముఖానికి రెండడుగుల దూరంలో పెడితే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. కొడుకు ముఖం మీ మొదటి షాట్‌లో అలాగే ఉంది, అతను మాట్లాడకముందే వెక్కిరిస్తున్నట్టు అయింది. వెనక్కి జరగండి, ఫోనులో 2ఎక్స్ పెట్టుకోండి.

ఇంకొకటి, మీరు చేర్చిన జూమ్. తండ్రి మాట్లాడగానే కొడుకు ముఖం మీదికి మూడుసార్లు టక్ టక్ టక్‌మని జూమ్ చేసి, ప్రతి జూముకూ ఒక "టొయ్య్" శబ్దం పెట్టారు. టీవీలోనూ సినిమాల్లోనూ రోజూ చూస్తున్నాం కాబట్టి అది హాస్యానికి నియమం అనుకున్నారు. అది చేస్తే కెమెరా మనకన్నా ముందు నవ్వేస్తుంది. జోకు చెబుతూ తానే నవ్వేవాడి పక్కన మనం మర్యాదకు నవ్వుతాం, అంతే. మీకు దగ్గర్లోనే పానగల్లు ఛాయాసోమేశ్వరాలయం ఉంది, వెళ్లి చూడండి. గర్భగుడిలో లింగం మీద పగలంతా స్తంభం నీడ నిలిచే ఉంటుంది. సూర్యుడు కదులుతున్నా ఆ నీడ చోటు మారదు. వెళ్లిన ప్రతి ఒక్కరూ ఏ స్తంభం నీడ ఇది అని చుట్టూ వెతుకుతారు, తాము అటూ ఇటూ జరిగి చూస్తారు. స్తంభాల అమరిక, వెలుగు వచ్చే దారులు కలిసి చేసిన పని అది. కట్టినవాళ్లు తమ తెలివిని గోడల్లో దాచి, చూసేవాడికి నీడను మాత్రమే మిగిల్చారు. కెమెరాను అలా పెట్టాలి.

కదలని కెమెరా అంత బలమైన హాస్య పరికరం ఇంకొకటి లేదు. గొప్పలు పోతున్న మనిషిని లో యాంగిల్‌లో, అంటే కింది నుంచి పైకి, ఆకాశం నేపథ్యంలో చూపిస్తాం. అతను కాలు జారి పడతాడు. కెమెరా అతనితో పాటు కిందికి రాకుండా అదే ఆకాశాన్ని చూస్తూ ఉండిపోతే? కాసేపటికి కింది నుంచి ఒక చెయ్యి పైకి లేస్తుంది. పడటం మనం చూడలేదు, ఊహించుకున్నాం, అందుకే ఎక్కువ నవ్వుతాం. వేగం కూడా పనికొస్తుంది. మూకీల కాలంలో కెమెరాను చేత్తో తిప్పుతూ సెకనుకు 16, 18 ఫ్రేములు తీసినదాన్ని 24 ఫ్రేముల వేగంతో వేస్తే మనుషులు బొమ్మల్లా గబగబా నడుస్తారు. మన దగ్గర కూడా పరుగుల సన్నివేశాల్లో చాలాకాలం వాడారు. మీ సన్నివేశానికి అది అక్కర్లేదు.

ఎడిటింగ్‌లో మీరు చేసిన పొరపాటు చాలా చిన్నది, ఫలితం పెద్దది. "ఏరా, ఆఫీసులో చాయ్ బాగుందా?" అన్న వెంటనే కొడుకు "నాన్నా, అది కాదు..." అని మొదలుపెట్టేశాడు. ఒకవేళ హాలు నవ్వి ఉంటే ఆ మాట ఎవరికీ వినిపించేది కాదు. మా హాల్లో ఎన్ని మంచి మాటలు ముందటి నవ్వు కింద పడి పోయాయో నాకు లెక్క లేదు. నవ్వుకు చోటు వదలాలి. కానీ ఖాళీగా వదిలితే, ఇంట్లో ఒంటరిగా చూసేవాడికి అక్కడ సినిమా ఆగిపోయినట్టు ఉంటుంది. అందుకని ఆ చోటును మాటలేని పనితో నింపండి. తండ్రి అడిగిన తర్వాత కొడుకు వెనక్కి తిరగకూడదు. ఫోను చెవికి పెట్టుకునే ఉండాలి. ఆ గొంతు ఫోన్లోంచి వచ్చిందా, వీపు వెనక నుంచి వచ్చిందా అని ఆలోచిస్తున్నట్టు రెండు సెకన్లు. తర్వాత మెల్లగా ఫోను కిందికి దించి దాని వైపు చూస్తాడు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఆ రెండు సెకన్లంటే 48 ఫ్రేములు. ఎడిట్ చేసేటప్పుడు దాన్ని 40కి తగ్గించి చూడండి, 60కి పెంచి చూడండి. ఎనిమిది ఫ్రేములతో నవ్వు రావడం, పోవడం నేను కళ్లారా చూశాను. ఏ అంకె సరైనదో చెప్పడానికి సూత్రం లేదు. మీ కథ తెలియని ఇరవైమందిని పిలిచి, మేడ మీద తెల్ల దుప్పటి కట్టి వేయండి. మీరు తెరను చూడకండి, వాళ్ల తలలను చూడండి. ల్యాప్‌టాప్ ముందు ముగ్గురు మిత్రులతో చేసిన పరీక్ష దేనికీ పనికిరాదు. నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది.

మీరు అడగని ఒక విషయం చెప్పాలి. మీ తండ్రి పాత్ర మన నల్గొండ పల్లె యాస మాట్లాడుతుంది, కొడుకు పట్నం భాష మాట్లాడతాడు. మీ రెండో వెర్షన్‌లో తండ్రి యాస మీదే నవ్వు తెప్పించాలని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడని రాశారు. దయచేసి ఆ పని చేయకండి. నేను ఆపరేటర్ గదిలో ఉన్న ఆ పదకొండేళ్లూ తెర మీద తెలంగాణ మాట వినిపించిందంటే అది చాలావరకు రౌడీ నోట్లోనో, హాస్యగాడి నోట్లోనో ఉండేది. కథానాయకుడి తండ్రి, తల్లి, ప్రేయసి ఎవరూ అలా మాట్లాడేవారు కాదు. మా హాల్లో కూర్చున్నవాళ్లంతా ఇంటికి వెళ్లి మాట్లాడుకునే మాట అది. వాళ్లు నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. ఒకరోజు మా అమ్మ సినిమా చూసి వచ్చి "మనం మాట్లాడితే అంత నవ్వు వస్తుందా?" అని అడిగింది. నేను సమాధానం చెప్పలేకపోయాను. ఆ నవ్వు కూడా కెమెరా పెట్టిన చోటు నుంచే వచ్చింది. ఆ పాత్రలను పై నుంచి, దూరం నుంచి, పక్క మనిషి చిరాకు ముఖంతో కలిపి చూపించేవారు. అంటే ఎవరి వైపు నిలబడి ఎవరిని చూసి నవ్వాలో ముందే తేల్చేశారు.

2017లో శేఖర్ కమ్ముల తీసిన "ఫిదా"లో కథానాయికే ఆ మాట మాట్లాడింది. ఆమె మాట్లాడుతుంటే హాలు నవ్వింది, కానీ ఆమెతో కలిసి నవ్వింది. కెమెరా ఆమె పక్షాన ఉంది. మీ సన్నివేశంలో కెమెరా తండ్రి పక్షాన ఉండాలి. నవ్వు కొడుకు అబద్ధం మీద రావాలి, తండ్రి మాట మీద కాదు.

ఏడిపించడం గురించి కూడా అడిగారు. నవ్వించిన తర్వాత ఏడిపించడం సులభం అని నేను అనను, కానీ దారి మాత్రం తెరుచుకుని ఉంటుంది. నవ్వేటప్పుడు మనిషి కాపలా దించేస్తాడు. 2023లో వేణు ఎల్దండి "బలగం" తీసినప్పుడు చావింట్లో జరిగే తగాదాల మీద మనల్ని నవ్వించి, పిండం ముట్టని కాకి దగ్గర నవ్విస్తూనే భయపెట్టి, చివరికి కన్నీళ్లు తెప్పించే పాట దగ్గరికి తెచ్చాడు. పల్లెల్లో తెరలు కట్టి వేస్తే ఊరు ఊరంతా కూర్చుని ఏడ్చింది. మొదటి నుంచీ ఏడుపు ముఖాలే చూపించి ఉంటే జనం గుండె గట్టిచేసుకుని కూర్చునేవారు.

మీ సన్నివేశం చివర అలాంటి అవకాశం ఉంది, మీరు చూడలేదు. ఇప్పుడు తండ్రి కొడుకును చెంపదెబ్బ కొట్టడంతో ముగించారు. కొట్టనివ్వకండి. ఇంతసేపూ కెమెరా దూరంగా ఉంది, ఇద్దరినీ కలిపి చూపించింది. ఇప్పుడు మొదటిసారి దగ్గరికి రండి, కానీ ముఖం మీదికి కాదు. తండ్రి చెయ్యి జేబులోంచి మడతలుపడిన నోటు తీసి రెండు చాయ్‌ల డబ్బులు బల్ల మీద పెడుతుంది. సంచిలోంచి రెండు బత్తాయిలు తీసి కొడుకు గ్లాసు పక్కన పెడుతుంది. ఒకటి దొర్లుతుంటే వేలితో ఆపుతుంది. తర్వాత వెంటనే మొదటి షాట్‌కే తిరిగి రండి, అదే దూరం, అదే ఎత్తు. కొడుకు ఒక పక్క, రెండో పక్క తండ్రి వెళ్లిపోతూ చిన్నవాడవుతాడు. ఏ ఫ్రేములో నవ్వారో అదే ఫ్రేములో ఇప్పుడు నవ్వు రాదు. సంగీతం పెట్టకండి. చాయ్ కొట్టు స్టవ్ చప్పుడు, ఆటో హారన్లు చాలు.

మళ్లీ తీసేటప్పుడు ఉదయం ఏడు లోపే మొదలుపెట్టండి. ఎనిమిది దాటితే రద్దీలో తండ్రి దూరం నుంచి రావడం కనపడదు. సంచిలో నిజంగానే బత్తాయిలు నింపండి. మీ మొదటి వీడియోలో అది ఖాళీ సంచి, లోపల కాగితాలు కుక్కారు. నటుడు దాన్ని భుజం మార్చుకునేటప్పుడు ఒక్క చేత్తో, తేలిగ్గా ఎత్తాడు. పది కిలోలు మోసే మనిషి సంచి దించేముందు ఒక్క క్షణం మోకాళ్లు వంచి ఊపిరి తీసుకుంటాడు.